సెంటు స్థలం, అడుగున్నర అరుగు: అహ్మదాబాద్, ఇండోర్ యాత్ర

రాజమండ్రిలో ఇళ్ళ ప్లాన్లు గీయడం నా పని. మా ఆఫీసుకి వచ్చేవాళ్ళలో చాలామందికి ఉండేది ప్రభుత్వం పట్టా ఇచ్చిన సెంటు స్థలమే. సెంటంటే 48 గజాలు. "ఇందులో ఇల్లేం వస్తుందండీ?" అని పట్టా కాగితం బల్ల మీద పెడుతూనే అడుగుతారు. ఏదో ఒకటి గీసిస్తాను గానీ, వాళ్ళు మెట్లు దిగి వెళ్ళాక ఆ ప్రశ్న నన్ను వదలదు.

ఇండోర్‌లో అరణ్య అని ఒక కాలనీ ఉంది. ఆర్కిటెక్ట్ బాలకృష్ణ దోషి గారు గీశారు, 1989లో పూర్తయింది. 6,500 ప్లాట్లు, అన్నిటికన్నా చిన్నది 35 చదరపు మీటర్లు. గజాల్లో చెప్తే సుమారు 42, అంటే సెంటు కన్నా తక్కువ. పేదవాళ్ళ కోసం వేసిన ఆ కాలనీకి 1995లో ఆగా ఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. దాన్ని కళ్ళారా చూడాలని ఎప్పటినుంచో కోరిక. దోషి గారు పనిచేసిన ఊరు అహ్మదాబాద్. మా పెద్దమ్మగారబ్బాయి అక్కడే ఉంటాడు. "ముందు ఇక్కడికి రా, ఆయన ఎక్కడ నేర్చుకున్నాడో చూస్తే ఆ కాలనీ నీకు బాగా అర్థమవుతుంది" అన్నాడు అన్నయ్య. అలాగే వెళ్ళాను.

శుక్రవారం, అహ్మదాబాద్ పాత ఊరు

హైదరాబాద్ నుంచి పొద్దున విమానం. వదిన పెట్టిన పెసరట్టు తిని, అన్నయ్యతో మెట్రో ఎక్కి కాలుపూర్‌లో దిగాం. అక్కడి స్వామినారాయణ గుడి దగ్గర మొదలై జామా మసీదు దాకా వెళ్ళే హెరిటేజ్ వాక్ 1997 నుంచి నడుస్తోంది. అది పొద్దున్నే అయిపోతుంది కాబట్టి, ఆ దారినే మేమిద్దరం సొంతంగా నడిచాం.

1411లో సుల్తాన్ అహ్మద్ షా కట్టిన ఊరిది. 2017లో యునెస్కో దీన్ని వారసత్వ నగరంగా గుర్తించింది, మన దేశంలో ఆ గుర్తింపు వచ్చిన మొదటి ఊరు ఇదే. అందుకు కారణం కోటలూ మసీదులూ మాత్రమే కాదు, పోళ్ కూడా. పోళ్ అంటే ఒక గేటు లోపల ఒదిగిన వీధుల గుంపు. గేటు పైన కాపలావాడికి ఒక గది. లోపలికి వెళ్తే వీధి మెలికలు తిరిగి చిన్న చౌక్‌లో తేలుతుంది. చౌక్‌లో పావురాలకి గింజలు వేసే చబూతరో, అంటే స్తంభం మీద నిలబెట్టిన చెక్కడపు గూడు. ఇళ్ళన్నీ గోడకి గోడ ఆనించి కట్టినవే. ఎండ నేల మీద పడేది మిట్టమధ్యాహ్నం కాసేపే. చలికాలమే అయినా ఎండ చురుక్కుమంటోంది, గేటు దాటి లోపలికి రాగానే ఒంటికి చల్లగా తగిలింది.

లంబేశ్వర్ పోళ్‌లో కవి దళపత్‌రామ్ విగ్రహం ఉంది, ఇంటి ముందు కూర్చుని ఉన్నట్టు. దాటి కొంచెం ముందుకెళ్తే ఒక పెద్దావిడ అరుగు మీద కూర్చుని పచ్చి కందికాయలు ఒలుస్తోంది. అక్కడ అరుగుని ఓట్లో అంటారు. నేను టేపు తీసి కొలుస్తుంటే ఆవిడ చేట పక్కకి జరిపింది. రెండు రాతి మెట్ల ఎత్తు, రెండడుగుల లోతు. అంచు రాయి ఎన్నేళ్ళుగానో మనుషులు కూర్చుని నున్నగా అరిగింది. అన్నయ్య గుజరాతీలో చెప్పాడు, వీడు ఇళ్ళ ప్లాన్లు గీస్తాడని. "అయితే కూర్చోమను, నిలబడి కొలిస్తే ఏం తెలుస్తుంది?" అందట.

కూర్చున్నాం. కూర్చుంటే నిజంగానే తెలిసింది. ఎదురింటి అరుగు చేతికందేంత దూరం. ఆ ఇంటి కోడలు అక్కడినుంచే ఈవిడతో మాట్లాడుతోంది, ఏ గొంతూ పెంచకుండా. స్కూటర్ మీద వచ్చినవాడు వేగం తగ్గించి పలకరించి వెళ్ళాడు. పిల్లలు మా కాళ్ళ మీదుగా గెంతారు. ఇక్కడ వీధి బండ్లు పోయే దారి మాత్రమే కాదు, అన్ని ఇళ్ళకీ కలిపి ఉన్న ఒక వరండా. అది అలా ఉండడానికి కారణం ఆ రెండడుగుల రాయి. అది ఇంటిదీ అవుతుంది, వీధిదీ అవుతుంది.

ఆవిడ మమ్మల్ని లోపలికి తీసుకెళ్ళింది. మధ్యలో ఆకాశానికి తెరిచిన చౌక్, దాని కింద టాంకా. పైకప్పు మీద పడ్డ వాన నీరు గొట్టంలోంచి దిగి, నేల కింద కట్టిన ఆ తొట్టెలో చేరుతుంది. ఏడాది పొడుగునా తాగడానికి అదే నీరు వాడేవాళ్ళట. వాన తక్కువ పడే ఊళ్ళో ప్రతి ఇల్లూ తన చెరువుని తన కిందే దాచుకుంది!

అయితే అంతా పచ్చగా లేదు. పక్కిల్లు గోడౌన్. దాని పక్కది తాళం. పిల్లలు నది అవతల ఫ్లాట్లకి వెళ్ళిపోతున్నారు, కారు లోపలికి రాదు కదా. చెక్కడాలున్న కొయ్య స్తంభాలు పాత సామాను కొట్లలో తేలుతున్నాయని అన్నయ్య చెప్పాడు. యునెస్కో బోర్డు ఒక్కటే ఈ ఇళ్ళని నిలబెట్టదు, లోపల మనుషులుండాలి.

రాత్రి మాణిక్ చౌక్. పగలంతా బంగారం కొట్లు. అవి షట్టర్లు దించుతుండగానే బల్లలు, పొయ్యిలు దిగిపోయాయి. అరగంటలో బజారంతా భోజనాల వీధి అయిపోయింది. పొద్దున్నే వస్తే కూరగాయలు, పశువుల మేత అమ్ముతారట. ఒకే చోటు పూటకో పని చేస్తోంది, ఎవరూ కొత్తగా ఏమీ కట్టలేదు. మనం మాత్రం ఫుడ్ కోర్టుకి ఒక స్థలం, మార్కెట్‌కి ఒక స్థలం అని విడివిడిగా టెండర్లు పిలుస్తాం.

శనివారం, బీమానగర్

ఈ రోజు ఎల్‌ఐసీ ఉద్యోగుల కోసం దోషి గారు 1973లో కట్టిన కాలనీ. అందుకే దానికి బీమానగర్ అని పేరు. సాధారణంగా అపార్ట్‌మెంట్ అంటే ఒకదాని మీద ఒకటి ఒకే సైజు ఫ్లాట్లు పేర్చుకుంటూ పోతాం. ఇక్కడ కింద పెద్ద ఇల్లు, మధ్యలో దానికన్నా చిన్నది, పైన అన్నిటికన్నా చిన్నది. దాంతో పైకి వెళ్ళేకొద్దీ ముందు భాగంలో డాబా మిగులుతుంది. కుటుంబం పెరిగితే ఆ డాబా మీదకి పెరగచ్చని ఆయన ఆలోచన. అదే జరిగింది కూడా. చాలా డాబాలకి కిటికీలు వచ్చాయి, కొన్నిటికి గ్రిల్స్, కొన్నిటికి రేకు కప్పు. ఒకదానికి గులాబీ రంగు కొట్టారు. మొదటి రూపం చూద్దామని వచ్చిన విద్యార్థులు ఇద్దరు నిరాశగా ఫోటోలు తీసుకుంటున్నారు. నాకు మాత్రం కడుపు నిండినట్టయింది. ఎందుకంటే మా ఊరి శివార్లలో ప్రభుత్వం పేదలకి కట్టించిన టిడ్కో ఇళ్ళు నాకు బాగా తెలుసు. 300, 365, 430 చదరపు అడుగుల ఇళ్ళు, షియర్ వాల్ పద్ధతిలో కట్టారు. గోడలన్నీ కాంక్రీటువే, బరువు మోసేవి ఆ గోడలే. గట్టిగా ఉంటాయి, త్వరగా లేస్తాయి, ఆ మేలు కాదనను. కానీ పెళ్ళయిన కొడుకు కోసం ఒక గోడ జరుపుదామంటే కుదరదు, కిటికీ పెంచుదామన్నా కుదరదు. పదేళ్ళ తర్వాత ఆ కుటుంబంలో ఎంతమంది ఉంటారో ఆ గోడకి పట్టదు.

కింద ఇంటాయన రిటైరయ్యారు, మొదటినుంచీ ఇక్కడేనట. మెట్లు అందరికీ కలిపి ఉన్నాయి కాబట్టి పైవాళ్ళు ఎక్కుతూ దిగుతూ ఆయన గుమ్మం ముందే పోతారు. "మెట్ల మీద కలవకుండా ఇక్కడ ఎవరూ ఉండలేరు" అన్నారాయన.

దోషి గారు మన హైదరాబాద్‌లో కూడా ఇలాంటి పని చేశారు. ఈసీఐఎల్ టౌన్‌షిప్ 1968-71 మధ్య ఆయన గీసిందే. ఈసీఐఎల్ బస్సు ఎక్కేవాళ్ళలో ఆ సంగతి ఎందరికి తెలుసో! 2018లో ఆయనకి ఆర్కిటెక్టులకి ఇచ్చే పెద్ద బహుమతి ప్రిట్జ్‌కర్ వచ్చింది, అది అందుకున్న మొదటి భారతీయుడు ఆయనే. 2023 జనవరిలో, 95 ఏళ్ళ వయసులో పోయారు.

సాయంత్రం కాస్త తిరిగి, ఇంటికొచ్చి వదిన చేసిన ఊంధియు తిన్నాం.

ఆదివారం, నది ఒడ్డు

పొద్దున్నే సబర్మతి ఆశ్రమం. అక్కడి మ్యూజియం ఆర్కిటెక్ట్ చార్లెస్ కొరియా గీసింది, 1963లో తెరిచారు. కొరియా పుట్టింది మన సికింద్రాబాద్‌లో. ఆరు మీటర్ల చదరం గది ఒకటి, దాని పక్కన అలాంటిదే ఇంకొకటి, మధ్యలో కొన్ని చదరాలు ఖాళీగా. ఇటుక స్తంభాలు, పెంకు కప్పు. కిటికీలకి అద్దాలు లేవు, కొయ్య పలకలే. అవసరమైతే పక్కన ఇంకో చదరం కలుపుకుంటూ పోవచ్చు. గాంధీగారి ఉత్తరాలు దాచడానికి ఇంత నిరాడంబరమైన ఇల్లు కట్టాలన్న బుద్ధి పుట్టినందుకే కొరియాకి దణ్ణం పెట్టాలనిపించింది. ఒక నీళ్ళ తొట్టె పక్కన చాలాసేపు కూర్చున్నాను, అన్నయ్య తొందర పెట్టలేదు.

అక్కడినుంచి రివర్‌ఫ్రంట్. దీని గురించి నా మనసులో రెండు మాటలున్నాయి, రెండూ చెప్తాను. రెండు ఒడ్డులా 11 కిలోమీటర్లకి పైగా నడకదారి. నది వెడల్పుని అంతటా 263 మీటర్లకి బిగించి, మిగిలిన నేలని పార్కులకీ రోడ్లకీ తీసుకున్నారు. మురుగు నదిలోకి పోకుండా మళ్ళించారు, నర్మద కాలువ నీళ్ళతో నది నిండుగా ఉంటోంది. ఆదివారం సాయంత్రం ఊరంతా అక్కడే ఉంటుంది. టిక్కెట్టు లేకుండా కుటుంబంతో వచ్చి కూర్చునే చోటు ఊళ్ళో ఇంత పెద్దది ఇంకోటి లేదు. అది చిన్న విషయం కాదు.

రెండో మాట. ఒడ్డున గుడిసెల్లో బతికిన పదివేలకు పైగా కుటుంబాలు ఇక్కడినుంచి వెళ్ళిపోవాల్సి వచ్చింది. చాలామందికి ప్రత్యామ్నాయంగా ఫ్లాట్లు ఇచ్చారు, కానీ ఊరి చివర. పనేమో ఊళ్ళో. ఒడ్డు బాగుపడింది, ఆ ఒడ్డుని నమ్ముకున్నవాళ్ళకి బస్సు ఖర్చు పెరిగింది. పైగా కాంక్రీటు గోడ మీద నిలబడి చూస్తే నీళ్ళు చాలా కిందన ఉన్నాయి. చేయి తడుపుకోవడానికి దారి వెతుక్కోవాలి. గోదావరి ఒడ్డున పెరిగినవాణ్ణి, రేవు మెట్లు దిగి నీళ్ళలో కాళ్ళు పెట్టకుండా నదిని చూసిన తృప్తి నాకు కలగదు. 2027 పుష్కరాలు వస్తున్నాయి, గట్టు మీద ఏం కట్టాలన్న మాట మా ఊళ్ళోనూ నడుస్తోంది. ఏం కట్టినా మెట్లు ఉండనివ్వండి, మెట్ల మీద పూలమ్మే ఆడవాళ్ళని ఉండనివ్వండి.

ఆదివారం కాబట్టి గుజ్రీ బజారు కూడా ఉంది. అహ్మద్ షా కాలంనాటి సంత అని చెప్తారు. రివర్‌ఫ్రంట్ కట్టేటప్పుడు దీన్ని తీసేస్తారన్న భయంతో సంతవాళ్ళు కోర్టుదాకా వెళ్ళారు. చివరికి అక్కడే నది పక్కన వాళ్ళకి చోటు దొరికింది. గట్టు అరుగులు, చెట్లు, దీపాలు. పాత పుస్తకాలు, మేకలు, మంచాలు, స్పానర్లు, అన్నీ అమ్ముతున్నారు. ఒకాయన దగ్గర ఇత్తడి లోలకం గుండు ఉంటే కొన్నాను. తాపీమేస్త్రులు గోడ నిలువు చూడ్డానికి వాడే తూకపు గుండు, బాగా బరువున్నది. రివర్‌ఫ్రంట్ మొత్తంలో నాకు నచ్చిన భాగం ఈ సంతే. ఇక్కడ కట్టడం మనుషుల్ని పొమ్మనలేదు, ఉండమంది.

రాత్రి శాంతి ఎక్స్‌ప్రెస్. వదిన థేప్లాలు కట్టిచ్చింది. "అన్నయ్యా, మీరూ రండి" అని అడిగితే, "సెలవు లేదురా, ఫోటోలు పంపు" అన్నాడు.

సోమవారం, అరణ్య

ఇండోర్‌లో దిగి, సేవ్ చల్లిన పోహా, పక్కన జిలేబీ తిన్నాను. ఆటోవాడికి అరణ్య అంటే సరిగా అర్థం కాలేదు. "స్కీమ్ 78" అనగానే తల ఊపాడు. ఊరి మధ్య నుంచి ఆరు కిలోమీటర్లే. కట్టిన రోజుల్లో ఇది శివారు, ఇప్పుడు ఊరు దీన్ని దాటి ఎక్కడికో పోయింది.

బయటినుంచి చూస్తే మన ఊళ్ళో ఏ పేటలాగైనా ఉంటుంది. గంటసేపు ఊరికే నడిచాను. తర్వాత ఒక్కొక్కటీ కనపడడం మొదలైంది.

హైవే వైపు పెద్ద ప్లాట్లు, 475 చదరపు మీటర్ల దాకా. లోపలికి వెళ్ళేకొద్దీ చిన్నవి. పెద్ద ప్లాట్లు మంచి ధరకి అమ్మి, ఆ లాభంతో చిన్నవాళ్ళ ఖర్చు తగ్గించారు. మొత్తంలో 65 శాతం ప్లాట్లు బాగా పేదవాళ్ళవే. కాలనీ మధ్యలో వెన్నెముకలా బజారు వీధి. దానికి అటూ ఇటూ ఆరు సెక్టార్లు. ఏ సెక్టారు నుంచి బయల్దేరినా చిన్న చిన్న ఖాళీ స్థలాలు దాటుకుంటూ బజారుకి నడిచి వెళ్ళచ్చు, పెద్ద రోడ్డు అడ్డం రాదు. ఎక్కువ ఇళ్ళ పొడుగు గోడలు ఉత్తరానికీ దక్షిణానికీ ఉంటాయి, తూర్పు పడమరల ఎండ తగిలేది ఇరుకు వైపే.

గీయడానికి ముందు దోషి గారి బృందం ఇండోర్ మురికివాడల్లో తిరిగి, మనుషులు వీధిని ఎలా వాడుకుంటున్నారో నమోదు చేసుకుంది. ఎక్కడ మంచం వేస్తున్నారు, కుళాయి దగ్గర ఎంతసేపు నిలబడుతున్నారు, కుట్టుమిషను గుమ్మంలో ఎందుకు పెడుతున్నారు, ఇలాంటివన్నీ. ఆ తర్వాతే ప్లాను. చిన్న ప్లాట్ల వాళ్ళకి పూర్తి ఇల్లు ఇవ్వలేదు. పునాది వేసి, మరుగుదొడ్డి, నీళ్ళ చోటు, కొందరికి ఒక గదితో అప్పగించారు. ఇరవై ఇళ్ళకి కలిపి ఒక సెప్టిక్ ట్యాంకు. పది ఇళ్ళు ఒక గుంపు. ఎలా పెంచుకోవచ్చో చూపించడానికి 80 నమూనా ఇళ్ళు కట్టి వదిలేశారు. మిగతాదంతా ఇంటివాళ్ళ ఇష్టం, వాళ్ళ చేతిలో డబ్బు ఆడినప్పుడు.

పెద్దగా ఎవరూ చెప్పుకోని విషయం ఒకటుంది. ఇంటికీ వీధికీ మధ్య అర మీటరు వదిలారు. ఆ అర మీటరులో మెట్టు కట్టుకోవచ్చు, అరుగు వేసుకోవచ్చు, పైన బాల్కనీ తీసుకోవచ్చు. అడుగున్నర పైచిలుకు, అంతే. శుక్రవారం ఆ పెద్దావిడ పక్కన కూర్చున్న అరుగు ఇక్కడికి ఎలా వచ్చిందో ఇక నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. వీధి పొడుగునా ఒక్కో ఇంటివాళ్ళు దాన్ని ఒక్కోలా వాడుకున్నారు. ఒకరు నల్ల కడప రాయి పరిచారు. ఒకరు తులసి కోట పెట్టారు. ఒకరు షట్టరు బిగించి పాన్ డబ్బా నడుపుతున్నారు. ఇంకొకరి అరుగు మీద ఆకుపచ్చ మొజాయిక్ పెంకులు, విరిగిన ముక్కలన్నీ ఏరుకొచ్చి అతికించినట్టున్నాయి, మధ్యలో ఒక్క ఎర్ర ముక్క. మన దగ్గర రోడ్డు వైపు ఒక్క మెట్టు బయటికొస్తే ఆక్రమణ, నోటీసు. ఇక్కడ ఆ మెట్టుకి ప్లానులోనే చోటుంది.

ఒక టైలరు తన కొట్టు ముందు కూర్చోబెట్టి టీ తెప్పించాడు. ఆ ప్లాటు వాళ్ళ నాన్నకి వచ్చిందట. మొదట ఒక్క గది, వెనక మరుగుదొడ్డి. చెల్లెలి పెళ్ళికి ముందు ఇంకో గది. తను సంపాదన మొదలుపెట్టాక పైకి స్లాబు. ఇప్పుడు మూడంతస్తులు, కింద కొట్టు, పైన అన్నదమ్ములు. "ఒకేసారి కట్టమంటే మా నాన్న ఏనాటికీ కట్టలేకపోయేవాడు భాయ్" అన్నాడు. తర్వాత నన్ను అడిగాడు, "మీ ప్రభుత్వం ఎంత స్థలం ఇచ్చింది?"

"ఇంతకన్నా కొంచెం ఎక్కువే."

"నీళ్ళు, మురుగు ముందే వేసి ఇచ్చారా?"

నేను చూసిన లేఅవుట్లలో జరిగింది చెప్పాను. ముందు పట్టా, తర్వాత ఇల్లు, ఆ తర్వాత ఎప్పుడో రోడ్డు, డ్రైను. వానాకాలంలో మోకాల్లోతు నీళ్ళు. ఊరికి దూరం కాబట్టి కూలి పనికి పోవాలంటే ఆటో ఖర్చు. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "మరి అక్కడ ఎలా ఉంటారు?" అన్నాడు. చాలామంది ఉండడం లేదు, అదీ చెప్పాను. సెంటు చాలదని మనం పోట్లాడుకున్నాం, అది న్యాయమైన పోట్లాటే. కానీ 42 గజాల్లో మూడు తరాలు పెరిగిన ఇంటి ముందు కూర్చున్నాక నాకు తోచింది ఏమిటంటే, ఆ సెంటు చుట్టూ ఏమీ ఇవ్వకపోవడమే అసలు అన్యాయం.

మంగళవారం, ఇండోర్ నుంచి ఇంటికి

పొద్దున్న ఛప్పన్ దుకాన్ మీదుగా వెళ్ళాను. వరసగా తినుబండారాల కొట్లు, ఇప్పుడు ఆ వీధిలోకి బండ్లు రానివ్వరు, నడిచేవాళ్ళదే వీధి. బాగుంది. విమానానికి టైముంది కదా అని మళ్ళీ అరణ్యకి పోయాను, నిన్న మిగిలిన నమూనా ఇళ్ళ కోసం.

కొన్ని గుర్తుపట్టగలిగాను. బయటి మెట్లు, చిన్న బాల్కనీ, వంపు తిరిగిన పిట్టగోడ. చాలావాటిని కూల్చి పెద్దవి కట్టేశారు. మొదట ప్లాటు అందుకున్నవాళ్ళలో అమ్ముకుని వెళ్ళిపోయినవాళ్ళూ తక్కువేం కాదు. స్థలం ధర పెరిగేసరికి పేదవాడికి అమ్మకమే లాభంగా కనపడింది. దీన్ని చూపించి అరణ్య విఫలమైందనేవాళ్ళున్నారు. నేను ఒప్పుకోను. అమ్ముకోవడానికి విలువైన ఆస్తి అంటూ ఆ కుటుంబాల చేతికి వచ్చింది, అది ఇంతకుముందు లేదు. అయితే వాళ్ళు వెళ్ళి మళ్ళీ ఏ శివారులో, ఏ కుళాయి లేని చోట ఉన్నారన్నది నన్ను బాధపెడుతూనే ఉంది. ఇల్లు గీసేవాడి చేతిలో లేని సంగతి అది, భూమి ధరని పెన్సిలుతో ఆపలేం.

ఎయిర్‌పోర్టులో కూర్చుని నోట్‌బుక్‌లో ఒక వీధి గీశాను. మా ఆఫీసుకి వచ్చినవాళ్ళలో ఒకే వరసలో పక్కపక్కనే పట్టాలున్న కుటుంబాలు కొన్ని ఉన్నాయి. ఒక్కొక్కరికీ విడివిడిగా సెప్టిక్ ట్యాంకు, విడివిడిగా ప్రహరీ గీసుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. ట్యాంకు కలిపేస్తే ఒక్కో ఇంటికీ వెనక కాస్త ఖాళీ దక్కుతుంది. ముందు ప్రహరీ మానేస్తే, ప్లాటు లోపలే అడుగున్నర అరుగు వస్తుంది, ఏ నోటీసూ రాదు. మెట్లు బయట పెడితే పై అంతస్తు రేపు కొడుక్కైనా ఇవ్వచ్చు, అద్దెకైనా ఇవ్వచ్చు. వాళ్ళలో ఒకాయనకి అక్కడినుంచే ఫోన్ చేశాను. "అందరూ ఒప్పుకోవాలి కదండీ" అన్నాడు. "అందర్నీ పిలవండి, నేనే వస్తాను" అన్నాను. ఆదివారం లేఅవుట్‌లోనే కలుద్దామనుకున్నాం. టేపు, తూకపు గుండు నేను తెస్తాను, ఒక బస్తా ముగ్గు వాళ్ళు తెస్తారు.